చెయ్యి వేసే ముందు

ఒళ్ళంతా ముందు చెయ్యి, తర్వాత చెవి.
పొట్ట దగ్గర మాత్రం వరస మారుతుంది:
చూడు, విను, ఆ తర్వాతే ముట్టుకో.
ముందే ముట్టుకున్నావా,
పేగులు నీకోసం వేరే మాట చెబుతాయి,
అనేది ఏలూరు నర్సింగ్ స్కూల్లో మా మార్త సిస్టర్,
స్కేలుతో మా వేళ్ళ మీద కొట్టి మరీ.

సొహార్. రాత్రి రెండున్నర.
బయట జూలై. గోడలింకా సెగలు కక్కుతున్నాయి.
లోపల ఏసీకి నా వేళ్ళు కొయ్యబారాయి.
ఏడో నంబరు మంచం మీద
ఓదెలు, నలభై మూడేళ్ళు, ఇనుప చువ్వలు కట్టే పని.
క్యాంపు వ్యాను దించేసి వెళ్ళిపోయింది.
వెంట ఒక ప్లాస్టిక్ కవరు,
అందులో చార్జరు, కార్డు, ఒక జత చెప్పులు.

చూశాను.
మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు, కదలడు.
పొర్లాడేవాడి నొప్పి వేరు, కదలనివాడి నొప్పి వేరు.
ఊపిరి రొమ్ము దగ్గరే ఆగిపోతోంది,
పొట్ట దాకా దిగడం లేదు.
నడుముకి వెలిసిపోయిన మొలతాడు,
దాని మీదుగా బెల్టు ఒరుసుకున్న గీత.
హిందీలో అడిగాను, ఎంత నొప్పి అని.
హిందీలోనే అబద్ధం చెప్పాడు, కొంచెమే అని.

స్టెతస్కోపు బిళ్ళని అరచేతిలో రుద్ది
కుడివైపు, కింద, ఆనించాను.
ఏమీ లేదు.
ఏమీ లేదని రాయాలంటే
నిండా ఐదు నిమిషాలు వినాలి.
ఐదు నిమిషాలు!
పక్క మంచం మీద వాంతి, ఆగని ఫోను,
చేచీ, చేచీ అని బ్లెస్సీ కేక.
నేను గోడ గడియారం వంక చూస్తూ
పెదవుల్లోనే లెక్కపెడుతున్నాను,
ఒకటి, రెండు, మూడు...
ముప్ఫై నాలుగు దగ్గర అతను కళ్ళు తెరిచాడు.
"మనోళ్ళా, అక్కా?"

లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి.
మాట్లాడొద్దని చెయ్యెత్తాను.
ఆగాడు. తొమ్మిదేళ్ళుగా ఆగుతున్నవాడే.
పొట్ట చేతబట్టుకుని పోయాడంటాం ఎవరినైనా.
నిజంగానే రెండు చేతులా పట్టుకుని వచ్చినవాణ్ణి
ఈ రాత్రే చూశాను.

ఐదు నిమిషాలు.
ఒక్క బుడగ లేదు.
ఇప్పుడు చెప్పండి, అన్నాను.

"నడుం నొస్తాందంటే ఫోర్మెన్ గోలీలిచ్చిండక్కా, పచ్చయి.
పొద్దుగాల రెండు, రాత్రి రెండు. నాలుగు నెలలాయె."
అన్నం తిన్నాకేనా?
"బస్సు నాలుగింటికే. గప్పుడేం బువ్వ?"

పరగడుపు.
ఆ మాట లోపలే కడుపుంది, ఎవరూ ఆగి వినరు.

వేలి మీద వేలుతో తట్టాను.
కాలేయం ఉన్నచోట మొద్దుగా పలకాలి.
డప్పులా మోగింది.
ఉండకూడని గాలి.
ఆఖరికి నా రెండు చేతులూ రుద్దుకుని
నొప్పి తక్కువన్న వైపు నుంచే మొదలుపెట్టి
అరచెయ్యి వేశాను.
చెక్క.
చర్మం కింద టేకు చెక్క.

సర్జనుకి ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి తిరిగొస్తే
నా చెయ్యి పట్టుకున్నాడు.
"ఇంటికి ఫోన్ జేయకుండ్రి.
కడుపు చింపుకుంటే కాళ్ళమీదనే పడతది."
తెల్లారేలోపు సర్జను ఆ పనే చేశాడు.
జీర్ణాశయానికి బటాణీ గింజంత కన్నం.
కుట్టేశారు.

మూడో రోజు నా డ్యూటీ.
ముక్కులో గొట్టం, పెదవుల మీద తడి దూది.
చూశాను, విన్నాను.
మొదటి నిమిషం లేదు.
రెండో నిమిషంలో, ఎక్కడో లోతున,
దుత్తలో చల్ల కదిలినట్టు
ఒక్కసారి.

కడుపులో చల్ల కదలకుండా బతకమని
దీవించేది మా అమ్మమ్మ.
కదలాలి, ఓదెలు గారూ. కదలాలి.

చార్టులో రాశాను: శబ్దాలు ఉన్నాయి, మందంగా. ఉదయం 6.10.
గాలి పోయిందా, అని అడిగాను,
అందరినీ అడిగేటట్టే, కాస్త గట్టిగా.
సిగ్గుపడి గోడవైపు తిరిగాడు.

తిరగగలిగాడు.